విలన్‌ని బోనులో పెట్టి కథ నడిపారు: ‘డ్రాగన్ ఏజ్’ అభిమానుల అసలు ఫిర్యాదు ఏంటి?

2022 జూన్‌లో కెనడాకు చెందిన బయోవేర్ అనే వీడియో గేమ్ కంపెనీ తన కొత్త గేమ్ పేరు ప్రకటించింది. ‘డ్రాగన్ ఏజ్: డ్రెడ్‌వుల్ఫ్’. అంటే భయంకరమైన తోడేలు. అది ఆ కథలో విలన్‌కి ఉన్న పేరు. రెండేళ్లు తిరిగాక, 2024 జూన్‌లో, రిలీజ్‌కు కొద్ది నెలలే ఉందనగా ఆ పేరు తీసేశారు. ‘డ్రాగన్ ఏజ్: ది వీల్‌గార్డ్’ అని కొత్త పేరు పెట్టారు. ఇది హీరో వెంట నడిచే బృందం పేరు. ఈ గేమ్ ప్రధానంగా ఆ ఏడుగురు సహచరుల కథ కాబట్టి పేరు మార్చామని కంపెనీ చెప్పింది.

పాత అభిమానుల్లో కొందరికి అప్పుడే గుండెలో రాయి పడింది. పేరులోంచి తీసేసిన మనిషిని కథలోంచి కూడా పక్కకు జరిపేశారేమోనని. అదే ఏడాది అక్టోబర్ 31న గేమ్ వచ్చింది. ఆడి చూసినవాళ్లలో చాలామంది, మా అనుమానమే నిజమైందన్నారు.

ఇంట్లో కాలేజీకి వెళ్లే కుర్రాడో అమ్మాయో రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని, పొద్దున్నే మొహం వేలాడేసుకుని ‘కథ పాడు చేశారు’ అని గొణిగితే పెద్దవాళ్లకు వింతగానే ఉంటుంది. విలన్ ఓడిపోతే బాధేంటి అనిపిస్తుంది. అసలు సంగతేంటంటే, వాళ్ల బాధ విలన్ ఓడిపోయాడని కాదు. ఓడించే ముందు అతనితో తేల్చుకోవాల్సిన లెక్క ఒకటుంది, అది తేలకుండానే కథ ముగించేశారని.

టీ అంటే పడని మాంత్రికుడు

డ్రాగన్ ఏజ్ వరుసలో మొదటి గేమ్ 2009లో, రెండోది 2011లో, మూడోది ‘ఇంక్విజిషన్’ పేరుతో 2014 నవంబర్‌లో వచ్చాయి. ఈ గేమ్‌లలో కత్తి పట్టి కొట్టుకోవడం ఎంత ఉంటుందో, కూర్చుని మాట్లాడుకోవడమూ అంతే ఉంటుంది. హీరో వెంట ఉండే తోడు పాత్రలతో ప్లేయర్ గంటల తరబడి మాట్లాడతాడు. దోస్తీ కుదురుతుంది, అలకలొస్తాయి, ఒక్కోసారి ప్రేమ కూడా పుడుతుంది. ప్లేయర్ ఏం జవాబిచ్చాడో గేమ్ గుర్తుపెట్టుకుంటుంది.

మూడో గేమ్‌లో అలాంటి తోడు పాత్రే సోలాస్. బట్టతల, సాదా బట్టలు, మెడలో తోడేలు దవడ ఎముక కట్టిన తాడు. ఎల్ఫ్ జాతివాడు. శిథిలాల్లో పడుకుని, ఆ చోట పూర్వం జరిగినవి కలల్లో చూసొచ్చి చెబుతుంటాడు. ఒక సన్నివేశంలో టీ తాగుతూ మొహం చిట్లిస్తాడు, తనకు టీ అంటేనే పడదంటాడు. హీరో కోటలో ఒక గుండ్రటి గది గోడల మీద బొమ్మలు వేస్తుంటాడు. కథ ఒక్కో మలుపు తిరిగినప్పుడల్లా గోడ మీద ఒక్కో కొత్త చిత్రం చేరుతుంది. ఒక ఆత్మ అతని పాత నేస్తం. కొందరు మంత్రగాళ్లు దాన్ని బంధించి పిశాచంగా మార్చేస్తే, అతను పడే దుఃఖం చూసి ప్లేయర్‌కీ గొంతు పట్టేస్తుంది.

ఆట అయిపోయి టైటిల్స్ పడ్డాక బయటపడుతుంది. ఈ పేద మాంత్రికుడే ఫెన్‌హారెల్. ఎల్ఫ్‌ల పాత కథల్లో దేవతలను మోసం చేసి బంధించిన ద్రోహి, పిల్లలను భయపెట్టడానికి పేరు చెప్పే ఆ భయంకరమైన తోడేలు. అంతేకాదు, ఆ గేమ్‌లో జరిగిన ఘోరానికి మూలమైన మంత్రగోళం కూడా అతనిదే. హీరో చేతిలో రగిలిన మంట కూడా దాని వల్లే. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని సలహాలు చెప్పింది అతనే!

‘దేవతలు’ నిజానికి యజమానులు

2015 సెప్టెంబర్‌లో ‘ట్రెస్‌పాసర్’ పేరుతో అదే గేమ్‌కు అదనపు కథ వచ్చింది. సోలాస్‌ని మరిచిపోలేని విలన్‌గా నిలబెట్టింది ఇదే.

ఈ లోకంలో ఎల్ఫ్‌ల బతుకు కష్టాల బతుకు. టెవింటర్ అనే సామ్రాజ్యంలో వాళ్లు బానిసలు. మిగతా నగరాల్లో గోడ కట్టి వేరు చేసిన వాడల్లో ఉంటారు. ఇంకొందరు బళ్ల మీద అడవుల వెంట తిరుగుతూ, ఒకప్పుడు మాకూ ఒక రాజ్యం ఉండేది, మాకూ దేవతలుండేవారు అని తలుచుకుంటారు. ఆ దేవతల గౌరవార్థం మొహాల మీద పచ్చబొట్లు పొడిపించుకుంటారు.

సోలాస్ చెప్పే నిజం వేరు. వాళ్లు దేవతలు కారు, మంత్రబలం ఉన్న దొరలు. ఆ పచ్చబొట్లు భక్తి గుర్తులు కావు, ఏ బానిస ఏ దొర సొత్తో తెలియడానికి వేసిన ముద్రలు. సోలాస్ ఆ దొరల మీద తిరగబడి బానిసలను విడిపించాడు, ముద్రలు చెరిపేశాడు. దొరల్లో ఒక్క మంచి మనిషి మిథాల్. ఆమెను మిగతావాళ్లు చంపేస్తే, వాళ్లందరినీ ఖైదు చేయడానికి అతను లోకానికీ కలల లోకానికీ మధ్య ఒక తెర సృష్టించాడు. ఆ తెర పడిన నాటి నుంచి ఎల్ఫ్‌లు చావులేని తనాన్ని పోగొట్టుకున్నారు, వాళ్ల నగరాలు కూలిపోయాయి. విడిపించబోయి తన జాతి మొత్తాన్నీ తనే ముంచాడు.

ఇప్పుడు ఆ తెర చింపేసి పాత లోకాన్ని తిరిగి తేవాలనుకుంటాడు. అలా చేస్తే ఇప్పుడున్న లోకంలో కోట్ల ప్రాణాలు పోతాయి. అది అతనికీ తెలుసు. తెలిసే ఏడుస్తాడు. అయినా ఆగనంటాడు.

ఇక్కడ ప్లేయర్ ముందు రెండు దారులుంటాయి. నువ్వు తప్పని రుజువు చేసి నిన్ను మారుస్తానని మాటివ్వడం ఒకటి, ఎలాగైనా నిన్ను ఆపుతాననడం రెండోది. సోలాస్ హీరో చేతిని తినేస్తున్న మంత్రాన్ని తీసేస్తాడు, దాంతో ఆ చెయ్యి పోతుంది. అతను వెళ్లిపోతాడు. హీరో ముందున్న పటం మీద టెవింటర్ ఉన్న చోట కత్తి గుచ్చుతాడు. తర్వాతి కథ అక్కడే అని చెప్పడం అన్నమాట.

ఆ ‘తర్వాత’ రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మధ్యలో 2018 డిసెంబర్‌లో ఒక చిన్న టీజర్ వచ్చింది. అందులో ఉన్నదీ సోలాస్ గొంతే, గోడ బొమ్మలో ఉన్నదీ తోడేలే. 2020లో వచ్చిన ‘టెవింటర్ నైట్స్’ అనే కథల పుస్తకంలో ఆఖరి కథ కూడా అతని గురించే. కంపెనీ ఇన్నేళ్లూ అమ్మింది అతన్నే. కాబట్టి అభిమానులు గాల్లో మేడలు కట్టుకున్నారని అనడానికి లేదు.

మొదటి గంటలోనే ఖైదు

‘వీల్‌గార్డ్’ మొదలవడమే సోలాస్ తెర చింపే తంతుతో. కొత్త హీరో పేరు రూక్. అతనితో పాటు పాత గేమ్‌ల నుంచి అందరికీ ఇష్టమైన వేరిక్ అనే మరుగుజ్జు కథకుడు ఉంటాడు. వేరిక్ ముందుకెళ్లి సోలాస్‌తో మాట్లాడి ఆపబోతాడు. రూక్ బృందం ఒక విగ్రహాన్ని కూల్చి తంతు చెడగొడుతుంది. ఫలితంగా సోలాస్ తను దొరల కోసం కట్టిన జైల్లో తనే ఇరుక్కుంటాడు. లోపలున్న ఇద్దరు దొరలు, ఎల్గర్‌నాన్, గిలానైన్, బయటపడతారు.

ఇక అక్కడి నుంచి ఆట చాలావరకు ఈ ఇద్దరి మీద యుద్ధమే. సోలాస్ కలల్లో కనిపించి రూక్‌కి సలహాలిస్తాడు, అప్పుడప్పుడు ఎత్తిపొడుస్తాడు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన ప్రతినాయకుడు సలహాదారు అయిపోయాడు.

తెలుగువాళ్లకు ఇదెలా ఉంటుందో చెప్పాలంటే ‘దానవీరశూరకర్ణ’ను తలుచుకోవాలి. 1977లో వచ్చిన ఆ సినిమాలో ఎన్టీఆర్ దుర్యోధనుడి డైలాగులు అప్పజెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దుర్యోధనుడు చేసింది తప్పని అందరికీ తెలుసు, కానీ నిండు సభలో అతను వాదిస్తుంటే వినకుండా లేవలేరు. ఆ దుర్యోధనుణ్ణి మొదటి రీల్లోనే చెరసాలలో పెట్టేసి, మిగతా సినిమా శకుని, దుశ్శాసనులతో లాగిస్తే? ఇళ్లలో ఉర్దూ దాస్తాన్లు విన్న పెద్దవాళ్లకైతే తిలిస్మ్-ఎ-హోష్‌రుబాను ఏలే మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్ గుర్తొస్తాడు. అతన్ని తీసేస్తే ఆ దాస్తానే లేదు.

బయటికొచ్చిన ఆ ఇద్దరు దొరలకీ సోలాస్‌కీ పోలికే లేదు. ఒకడు నాకు లోబడు అంటాడు, ఇంకొకతె రాక్షస జీవాలను పుట్టిస్తుంది. వాళ్ల మాటల్లో ఆలోచించాల్సిందేమీ ఉండదు. వాళ్లను చంపాలా వద్దా అని ఏ ప్లేయరూ ఒక్క నిమిషం కూడా తటపటాయించడు. సోలాస్ దగ్గర పీకిందే ఆ తటపటాయింపు.

అతని సైన్యం ఏమైందో కూడా అభిమానులకు అంతుపట్టలేదు. ‘ట్రెస్‌పాసర్’ చివర్లో ఎల్ఫ్‌లు ఊళ్లొదిలి అతని వైపు వెళ్లిపోతున్నట్టు చూపించారు. అంటే ఇది ఒక్క మాంత్రికుడి పిచ్చి కాదు, అణిగిపోయిన ఒక జాతి తిరుగుబాటు కూడా అన్నమాట. కొత్త గేమ్‌లో ఆ అనుచరులు దాదాపు కనిపించరు. బానిసత్వానికి పెట్టింది పేరైన టెవింటర్ రాజధానిలోనే కథలో కొంత భాగం జరుగుతుంది, బానిసత్వంపై పోరాడే ఒక ముఠా కూడా ఉంది, కానీ బానిసల బతుకు కళ్లకు కనిపించేది తక్కువే. సోలాస్ కోపానికి కారణం కనిపించనప్పుడు అతని కోపం ఒట్టి మొండితనంలా తోస్తుంది. ఇదే అన్నిటికన్నా పెద్ద నష్టం అనాలి.

జాతి కోసమా, మిథాల్ కోసమా?

గేమ్‌లో సోలాస్ పాత జ్ఞాపకాలను వెతికి చూసే ఒక వరుస ఉంది. తోడేలు బొమ్మలు ఏరుకొచ్చి ఒక్కొక్కటిగా చూడాలి. నిజం చెప్పాలంటే గేమ్‌లో బాగా రాసిన భాగాల్లో అదొకటి. సోలాస్ మొదట్లో జ్ఞానానికి సంబంధించిన ఒక ఆత్మ అనీ, మిథాల్ అడిగితేనే శరీరం ధరించాడనీ, ఆమె కోసమే యుద్ధంలోకి దిగి చేయకూడని పనులు చేశాడనీ అందులో తెలుస్తుంది. 2014లో పిశాచంగా మారిపోయిన తన నేస్తం కోసం అతనెందుకంతగా ఏడ్చాడో ఇప్పుడు అర్థమవుతుంది.

కానీ దీనితోనే కొత్త చిక్కొచ్చి పడింది. అతను చేసిన ప్రతి పనికీ వెనక మిథాలే ఉన్నట్టయింది. చివర్లో అతన్ని మార్చే ముగింపు కావాలంటే మిథాల్ అంశ వచ్చి, ఇక నీ మీద నా ఆజ్ఞ లేదు, నిన్ను వదిలేస్తున్నానని చెప్పాలి. అప్పుడుగానీ అతను కరగడు. ఒక జాతి విముక్తి కోసం లోకాన్నే పణంగా పెట్టినవాడు, ఒక మనిషి మీది విధేయతతో కట్టుబడినవాడిగా మారిపోయాడు. ఇది లోతు పెంచిందని కొందరంటారు. అతని వాదనకు జవాబివ్వకుండా తప్పించుకున్నారని ఇంకొందరంటారు. రెండో మాటలోనే బలం ఎక్కువుంది. ఎల్ఫ్‌లకు జరిగిన అన్యాయం సంగతేంటి అన్న ప్రశ్న, సోలాస్ ఆఖరిసారి కనిపించే ఆ గడపలో ఎవరూ అడగరు.

వేరిక్ సంగతి మరో పుండు. మొదట్లోనే సోలాస్ చేతిలో కత్తిపోటు తింటాడు, తర్వాత మంచంలో పడి కోలుకుంటున్నట్టు కనిపిస్తాడు, రూక్‌తో కబుర్లు చెబుతాడు. చివరాఖర్న తెలుస్తుంది, అతను ఆ రోజే చనిపోయాడని. బతికున్నట్టు రూక్‌కి భ్రమ కల్పించింది సోలాసే. ఈ మలుపుకి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. 2011 నుంచి తెలిసిన నేస్తాన్ని ఒక గారడీ కోసం వాడేశారని మండిపడ్డవాళ్లూ ఉన్నారు.

అయితే ఒక్క ఘట్టానికి మాత్రం అభిమానులు చాలావరకు చప్పట్లు కొట్టారు. కథ ముగింపు దగ్గరపడ్డాక సోలాస్ రూక్‌ని మోసం చేసి, జైల్లో తన చోట అతన్ని ఇరికించి తను బయటపడతాడు. అక్కడ కాసేపు పాత తోడేలు మేల్కొంటుంది. 2014 నుంచి సోలాస్‌కి గొంతిచ్చిన వేల్స్ నటుడు గారెత్ డేవిడ్-లాయిడ్ పనిని తప్పుపట్టినవాళ్లు అరుదు.

పాత నిర్ణయాలన్నీ మూడింటికి కుదించారు

పాత గేమ్‌లలో ప్లేయర్ తీసుకున్న వందల నిర్ణయాల్లో కొత్త గేమ్ మూడే మూడు అడుగుతుంది. పాత హీరో ఎవర్ని ప్రేమించాడు, తన సంస్థను ఉంచాడా రద్దు చేశాడా, సోలాస్‌ని మారుస్తానన్నాడా ఆపుతానన్నాడా. అంతే. మూడో గేమ్‌లో పాత హీరో ఒక మంత్రజలం తాగి మిథాల్‌కి కట్టుబడిపోయే అవకాశం ఉండేది. మిథాలే కీలకమైన ఈ కథలో ఆ ఊసే ఎత్తలేదు. ఇక సోలాస్‌కి మాటిచ్చిన ఆ పాత హీరో కొత్త గేమ్‌లో కొద్ది సన్నివేశాల చుట్టం. లెక్క తేల్చుకోవాల్సినవాడు పక్కన నిలబడి ఉంటే, సోలాస్‌తో పూర్వపరిచయం లేని కొత్తవాడు మాట్లాడుతుంటాడు.

రాసినవాళ్లకు సోలాస్ అర్థం కాలేదని తేల్చేస్తే మాత్రం అన్యాయం అవుతుంది. 2014లో సోలాస్ పాత్రను రాసినదీ, ‘వీల్‌గార్డ్’కి ప్రధాన రచయితగా ఉన్నదీ ఒకరే, ట్రిక్ వీక్స్. కాబట్టి కారణం వేరేచోట వెతకాలి. 2015లో మొదలైన తొలి ప్రాజెక్టు, టెవింటర్‌లో గూఢచారుల చిన్న కథగా అనుకున్నది, 2017లో ఆగిపోయింది. తర్వాత దాన్ని, అందరూ కలిసి ఆన్‌లైన్‌లో ఏళ్ల తరబడి ఆడే గేమ్‌గా మార్చాలనుకున్నారు. బయోవేర్‌దే అలాంటి మరో గేమ్ ‘ఆంథెమ్’ 2019లో దెబ్బతింది. యజమాని సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చివరికి మనసు మార్చుకుని మళ్లీ ఒంటరిగా ఆడే గేమ్‌గా చేయమంది. పది మంది కలిసి ఆడేదానిలో ఒక్కడి నిర్ణయంతో కథ మలుపు తిరగడం కుదరదు. ఆ ఆలోచనతో వేసిన పునాది మీద, ప్రతి ప్లేయర్‌కీ ఒక సొంత సోలాస్‌ని కట్టడం అంత తేలిక కాదు. మధ్యలో 2023 ఆగస్టులో కంపెనీ దాదాపు 50 మందిని తీసేసింది. వేరిక్ పాత్రను రాసిన మేరీ కర్బీ కూడా వాళ్లలో ఉన్నారు.

గేమ్ పూర్తిగా చెడ్డదని కూడా అనలేం. విమర్శకులు ఎక్కువమంది మంచి మార్కులే వేశారు, పోరాటాలు చురుగ్గా ఉన్నాయన్నారు. గేమ్‌లోని ఒక సహచర పాత్ర మీద ఆన్‌లైన్‌లో రాజకీయ రభస కూడా జరిగింది. ఆ గోల చేసినవాళ్లలో సోలాస్ ఎవరో తెలియనివాళ్లు బోలెడుమంది, దాన్నీ దీన్నీ కలిపి చూడకూడదు. పిల్లలు ఆడతామని అడిగితే పెద్దలు ఒకటి గమనించాలి. అమెరికాలో ఈ గేమ్‌కి 17 ఏళ్లు, ఆపైవాళ్లకే అన్న ముద్ర ఉంది. రక్తపాతం, నగ్నత్వం ఉన్నాయి.

వ్యాపారం కూడా కలిసిరాలేదు. గేమ్ వచ్చిన త్రైమాసికంలో సుమారు 15 లక్షల మంది ఆడారని, అనుకున్నదాంట్లో అది దాదాపు సగమేనని 2025 జనవరిలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చెప్పింది. ఆ నెలాఖరుకే బయోవేర్‌ని కుదించేశారు, చాలామంది బయటికెళ్లారు. వీక్స్ కూడా వాళ్లలో ఒకరు. ‘ట్రెస్‌పాసర్’లా ఈసారి కూడా అదనపు కథ వచ్చి లోటు పూడుస్తుందన్న ఆశ కూడా పోయింది.

కొత్త గేమ్‌లో ఏ ముగింపు ఎంచుకున్నా సోలాస్ చివరికి ఆ తెరకే కట్టుబడి జైలు లోకంలోకి వెళ్లిపోతాడు. కొట్టి పంపొచ్చు, మాయ చేసి పంపొచ్చు, ఒప్పించి పంపొచ్చు. 2014లో అతన్ని ప్రేమించిన ఎల్ఫ్ హీరోయిన్ ఉంటే ఆమె కూడా వెంట వెళ్లొచ్చు. ఆ దారిలో ఆడినవాళ్లలో కొందరు మాత్రం ఈ ఒక్క ముగింపు కోసం మిగతాదంతా క్షమించేశామంటారు.

మిగతావాళ్లు మళ్లీ పాత గేమ్ తెరుస్తున్నారు. ‘ఇంక్విజిషన్’ ముగిశాక కోటలోని ఆ గుండ్రటి గదికి వెళితే, సోలాస్ ఉండడు. గోడ మీద ఆఖరి బొమ్మ గీతల వరకే ఉంటుంది, రంగులు వేయలేదు.